‘ప్రొటెక్టెడ్’ అంటే ఎన్ని కంప్యూటర్లు?
బ్యాకప్ రిపోర్టు చదివే పద్ధతి గురించి దాతలకు నాలుగు మాటలు



మన వార్షిక నివేదికలో ఆఫీసు నిర్వహణ ఖర్చుల కింద ‘కంప్యూటర్ బ్యాకప్ సేవ’ అనే పద్దు ఒకటి ఉంటుంది. జకాత్ ఎంత వచ్చింది, ఎవరికి చేరింది అని గుచ్చి గుచ్చి అడిగే దాతలు సాధారణంగా ఈ పద్దు దగ్గర ఆగరు. ఈ మధ్య కొందరు ఆగుతున్నారు. వారిలో మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ కంపెనీల్లో పనిచేసే మన యువకులే ఎక్కువ. “మన సొసైటీలో ఎన్ని మెషీన్లు ప్రొటెక్టెడ్?” అని అడుగుతున్నారు. ఒక అంకె చెప్పి ఊరుకోవడం తేలికే. ఆ అంకె దేన్ని లెక్కపెట్టి వచ్చిందో చెప్పాలంటే కొంచెం ఓపిక కావాలి. ఈ వ్యాసం ఆ రెండో పని కోసం.

బ్యాకప్ అంటే మరేమీ కాదు, నకలు. కంప్యూటర్‌లో ఉన్న ఫైళ్లకు, లెక్కలకు మరోచోట దాచిన కాపీ. ఆ కాపీలను ప్రతి రాత్రి తనంతట తానే తీసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటన్నిటి స్థితిని ఒకే తెర మీద చూపే పేజీని డ్యాష్‌బోర్డు అంటారు. పైన ఒక పచ్చ గడి, అందులో పెద్ద అంకె, పక్కన ‘ప్రొటెక్టెడ్’ అనే మాట. కంపెనీల్లో మేనేజర్లయినా, మన దగ్గర కమిటీ సభ్యులయినా ఎక్కువగా చూసేది ఆ గడినే. పచ్చగా ఉంటే పేజీ మూసేస్తారు.

ఒక ధార్మిక సంస్థకు దీనితో ఇంత పనేమిటని పెద్దలు అడగవచ్చు. దాతల రిజిస్టరు గురించి ఒక్క నిమిషం ఆలోచించండి. అందులో మీ పేరు, చిరునామా, పాన్ నంబరు, ఇచ్చిన మొత్తం ఉంటాయి. వాటితోపాటు ఆ సొమ్ము జకాతా, సదఖానా, లిల్లాహ్ కింద ఇచ్చిందా అనేది కూడా ఉంటుంది. జకాత్ ఖురాన్ చెప్పిన ఎనిమిది వర్గాల వారికే చేరాలి కనుక దాన్ని వేరుగా లెక్క కట్టాలి. రిజిస్టరు పోయిందనుకోండి, బ్యాంకులో డబ్బు ఎక్కడికీ పోదు. కానీ ఆ డబ్బులో ఎంత భాగం జకాతో చెప్పే ఆధారం ఏదీ మిగలదు. మీరు ఇచ్చిన అమానత్‌లో రూపాయి ఎంతో, ఆ రూపాయి వెనుక ఉన్న మీ నియ్యత్ కూడా అంతే. రెండోది దాగి ఉన్నది కంప్యూటర్‌లోనే.

చట్టం వైపు నుంచి కూడా బాధ్యత ఉంది. 80జీ మినహాయింపు కోరే దాతల వివరాలను సంస్థలు 10బీడీ ఫారంలో ఆదాయపు పన్ను శాఖకు సమర్పించే పద్ధతి 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి వచ్చింది. దానికి మే 31 గడువు. ఆ వివరాలు అందితేనే దాతకు 10బీఈ సర్టిఫికెట్ వస్తుంది. 2022 ఆగస్టులో చేర్చిన 17ఏఏ నిబంధన ప్రకారం ధార్మిక సంస్థలు తమ లెక్కల పుస్తకాలను సంబంధిత అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక పదేళ్లపాటు భద్రపరచాలి. అదే నెలలో కంపెనీల లెక్కల నిబంధనలనూ సవరించారు. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న లెక్కలకు భారతదేశంలోని సర్వర్‌లో ప్రతిరోజూ బ్యాకప్ ఉండాలన్నారు. సెక్షన్ 8 కింద రిజిస్టరయిన సేవా సంస్థలు కూడా కంపెనీలే కనుక ఇది వారికీ వర్తిస్తుంది. పదేళ్లంటే ఒక కంప్యూటర్ ఆయుష్షు కన్నా ఎక్కువ. ఈ రోజు లెక్కలు రాస్తున్న యంత్రం అప్పటికి తుక్కు దుకాణానికి చేరి ఉంటుంది.

ఈ పనికి కావలసిన తెలివి మన నగరంలో కొదవ లేదు. 1998లో మైక్రోసాఫ్ట్ ఇక్కడ తన అభివృద్ధి కేంద్రం తెరిచింది. అదే ఏడాది నవంబర్‌లో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే కామ్‌వాల్ట్ కంపెనీకి ఇక్కడ ఇంజినీరింగ్ కేంద్రం ఉంది. 2022 నవంబర్‌లో అమెజాన్ తన క్లౌడ్ సేవలకు హైదరాబాద్ పేరుతోనే ఒక రీజియన్ తెరిచింది. ముంబై తర్వాత దేశంలో వారికి అది రెండోది. అంటే ప్రపంచం వాడే ఈ డ్యాష్‌బోర్డుల మీద మన పిల్లలు రోజూ పనిచేస్తున్నారు. చార్మినార్ దగ్గర ఉన్న ఒక చిన్న సొసైటీ ఆఫీసు కూడా చివరికి అదే తెర ముందు కూర్చుంటోంది. కంపెనీలో ఆ అంకెను ప్రశ్నించడానికి ఒక విభాగమే ఉంటుంది. సొసైటీలో ఉండేది దాత ఒక్కడే.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఊరూ పేరూ లేని ఒక సొసైటీని ఉదాహరణగా ఊహించుకుందాం. ఆఫీసులో ఒక సర్వర్ పెట్టె ఉంది. ఆ ఒక్క పెట్టె లోపల సాఫ్ట్‌వేర్ సాయంతో నాలుగు వేర్వేరు సర్వర్లు నడుస్తున్నాయి. ఒకటి లెక్కలకు, ఒకటి దాతల రిజిస్టరుకు, ఒకటి క్లినిక్ రోగుల వివరాలకు, ఒకటి ఉమ్మడి ఫైళ్లకు. వీటిని వర్చువల్ మెషీన్లు అంటారు. ఇవి కాక ఆఫీసులో, క్లినిక్‌లో కలిపి 9 డెస్క్‌టాప్‌లు, సిబ్బంది దగ్గర 5 ల్యాప్‌టాప్‌లు, పిల్లలకు కంప్యూటర్ నేర్పే గదిలో 20 యంత్రాలు ఉన్నాయి. ఆస్తుల రిజిస్టరు తెరిస్తే 35 పెట్టెలు. డ్యాష్‌బోర్డు తెరిస్తే “ప్రొటెక్టెడ్ 21, మొత్తం 21, నూరు శాతం”.

ఈ 21 ఎక్కడిది? ఈ సాఫ్ట్‌వేర్ ‘కనీసం ఒక్క కాపీ దాచి ఉన్న ప్రతి పేరునూ’ ప్రొటెక్టెడ్‌గా లెక్కిస్తుందనుకుందాం. వర్చువల్ మెషీన్లు నాలుగు. వాటిలో లెక్కల సర్వర్‌కు, రోగుల సర్వర్‌కు డేటాబేస్ బాగా కాపీ కావాలని లోపల ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాం విడిగా పెట్టారు. బయటి నుంచి ఒకసారి, లోపలి నుంచి ఒకసారి లెక్కకు వచ్చి నాలుగు కాస్తా ఆరయ్యాయి. డెస్క్‌టాప్‌లు 9. నిరుడు తీసేసిన రెండు పాత డెస్క్‌టాప్‌ల కాపీలు ఇంకా నిల్వలో ఉన్నాయి కనుక అవీ చేరి 11. ల్యాప్‌టాప్‌లలో మూడింటికే ఏజెంట్ పెట్టారు. ఒకదానికి విండోస్ మళ్లీ వేశాక సాఫ్ట్‌వేర్ దాన్ని కొత్త యంత్రం అనుకుంది. పాత పేరు, కొత్త పేరు కలిసి 4. ఆరు, పదకొండు, నాలుగు కలిపితే 21.

ఇందులో అబద్ధం ఎక్కడా లేదు. సాఫ్ట్‌వేర్‌ను అడిగిన ప్రశ్నకు అది నిజాయితీగానే జవాబు చెప్పింది. నిజంగా ఈ రోజు పనిలో ఉన్న, వేర్వేరు యంత్రాలు ఎన్ని అని లెక్కిస్తే 16. వాటిలో రెండు ల్యాప్‌టాప్‌లు జిల్లాల పర్యటనలో ఉండి మూడు వారాలుగా కాపీ కాలేదు. కనుక గత వారంలో తాజా కాపీ ఉన్నవి 14.

ఇప్పుడు ఆ లెక్కలోకే రాని యంత్రాల సంగతి. శిక్షణ గదిలోని 20 యంత్రాలను వదిలేయడంలో తప్పు లేదు. వాటిలో పిల్లల అభ్యాసాలు తప్ప ఏమీ ఉండవు. చెడితే మళ్లీ విండోస్ వేసుకుంటే సరి. వాటి కోసం లైసెన్సు కొనడం దాతల సొమ్ము దుబారా అనే మా అభిప్రాయం. కానీ మిగిలిన రెండు ల్యాప్‌టాప్‌లు? స్కాలర్‌షిప్ దరఖాస్తుదారుల ఇళ్లకు వెళ్లి వచ్చే వాలంటీర్ల దగ్గర ఉన్నవి అవే. ఏ ఇంట్లో సంపాదించే మనిషి లేడు, ఏ అమ్మాయి ఫీజు కట్టలేక చదువు మానేసింది అన్న వివరాలు, ఫోటోలు, సంతకాల స్కాన్లు వాటిలోనే ఉన్నాయి. వాటిలో ఒకటి ఆటోలో మరిచిపోతే ఆ కుటుంబాలు మళ్లీ వరుసలో నిలబడాలి. డ్యాష్‌బోర్డు మాత్రం మరునాడు ఉదయం కూడా నూరు శాతమే చూపిస్తుంది.

బడిలో భిన్నాలు నేర్చుకున్నప్పుడు పైన లవం, కింద హారం అని చదివాం. బ్యాకప్ రిపోర్టులో అందరి కళ్లూ లవం మీదే ఉంటాయి. మోసపోయేది హారం దగ్గర. ఎవరూ చెప్పని యంత్రం ఉందని సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. తెలియనిదాన్ని అది ‘అన్‌ప్రొటెక్టెడ్’ జాబితాలో కూడా చూపలేదు. సర్వర్లను నడిపే వేదికతో కలిపి ఉంచితే కొత్త వర్చువల్ మెషీన్లను కొన్ని సాఫ్ట్‌వేర్లు తామే కనిపెడతాయి. వాలంటీరు సంచిలోని ల్యాప్‌టాప్‌ను అలా కనిపెట్టడం కష్టం. అందుకే హారం డ్యాష్‌బోర్డు నుంచి కాదు, ఆస్తుల రిజిస్టరు నుంచి, జీతాల జాబితా నుంచి, వాలంటీర్ల జాబితా నుంచి రావాలి.

పేరుపొందిన సాఫ్ట్‌వేర్లన్నీ ఒకే విధంగా లెక్కించవు. అమెజాన్ బ్యాకప్ సేవలో ‘ప్రొటెక్టెడ్ రిసోర్సెస్’ జాబితా అంటే ఆ సేవ ద్వారా విజయవంతంగా కాపీ అయినవి. చివరిగా ఎప్పుడు కాపీ అయిందో పక్కనే రాసి ఉంటుంది. చదివేవాడు చదవాలి, అంతే. వీమ్ కంపెనీ పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్‌లోని ‘ప్రొటెక్టెడ్ వీఎమ్స్’ రిపోర్టు ఇంకొంచెం కఠినం. మనం నిర్ణయించిన గడువులోపల కనీసం ఒక కాపీ ఉంటేనే లెక్కలోకి తీసుకుంటుంది. అయితే ఆ గడువు పెట్టేది మనమే. ఒక రోజు అని పెడితే ఒక అంకె, నెల అని పెడితే మరో అంకె. అదే కంపెనీ లైసెన్సు లెక్క వేరు. గత 31 రోజుల్లో కాపీ తీసిన వాటికి లైసెన్సు ఖర్చవుతుంది. కామ్‌వాల్ట్ డ్యాష్‌బోర్డులో ఒప్పుకున్న గడువును అందుకున్నవి, అందుకోనివి అని విడదీసి చూపిస్తారు. కారణం చూపి కొన్ని యంత్రాలను లెక్క నుంచి మినహాయించే వీలు కూడా ఉంది. మినహాయింపులు పెరిగిన కొద్దీ శాతం అందంగా కనబడుతుంది. మైక్రోసాఫ్ట్ అజూర్‌లో కొత్త కాపీలు తీయడం ఆపేసి పాతవి ఉంచుకుంటే, ఆ యంత్రానికి ‘ప్రొటెక్టెడ్ ఇన్‌స్టెన్స్’ రుసుము ఇంకా పడుతూనే ఉంటుంది. అంటే బిల్లులో ‘ప్రొటెక్టెడ్’ అని ఉన్న యంత్రానికి నిన్నటి కాపీ ఉండకపోవచ్చు.

కనుక బిల్లులోని అంకె, పచ్చ గడిలోని అంకె, నెలవారీ రిపోర్టులోని అంకె మూడూ వేరుగా ఉంటే వెంటనే ఎవరినీ అనుమానించనక్కరలేదు. అవి మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఏది ఏ ప్రశ్నకో రాసి ఇవ్వమని సేవ అందించే వారిని అడగాలి. రాసి ఇవ్వలేకపోతే అప్పుడు ఆలోచించాలి.

సేవా సంస్థలకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. ఐటీ కంపెనీలు తమ పాత కంప్యూటర్లను మనలాంటి వారికి దానంగా ఇస్తుంటాయి. మంచి పనే, అల్లాహ్ వారికి ప్రతిఫలం ఇవ్వాలి. ఒక వాలంటీరు ఒక కంప్యూటర్‌ను చక్కగా సిద్ధం చేసి, బ్యాకప్ ఏజెంట్ కూడా అందులోనే పెట్టి, ఆ డిస్కును యథాతథంగా మిగతా పది కంప్యూటర్లకు క్లోన్ చేస్తాడు. ఏజెంట్ తనకు ఇచ్చుకున్న గుర్తింపు సంఖ్య పదింటిలోనూ ఒకటే అవుతుంది. ఇప్పుడు డ్యాష్‌బోర్డుకు అవన్నీ ఒకే యంత్రంలా కనబడవచ్చు. ఒకసారి ఒకదాని కాపీ, మరోసారి ఇంకోదాని కాపీ అదే పేరు కింద చేరుతుంటాయి. ఇక్కడ అంకె ఉండాల్సిన దానికన్నా తక్కువ చూపిస్తుంది. విరుగుడు తేలికే. క్లోన్ చేశాకే ఏజెంట్ పెట్టాలి, ప్రతి కంప్యూటర్‌కూ వేరే పేరు ఇవ్వాలి.

యంత్రం లెక్కలో ఉన్నా అందులోని విషయం కాపీలో ఉండకపోవచ్చు. మన దగ్గర చాలామందికి ముఖ్యమైన ఫైళ్లను డీ డ్రైవ్‌లో పెట్టుకునే అలవాటు. విండోస్ పాడైనా అవి మిగులుతాయని నమ్మకం. బ్యాకప్ పెట్టిన మనిషి స్థలం మిగల్చడానికి సీ డ్రైవ్ ఒక్కటే ఎంచితే, డ్యాష్‌బోర్డులో ఆ కంప్యూటర్ ప్రొటెక్టెడ్, అందులోని రశీదులు మాత్రం కాదు. అలాగే రాత్రి కాపీ తీసే వేళకు లెక్కల ప్రోగ్రాం తెరిచే ఉంటే కొన్ని ఫైళ్లు వదిలివేయబడవచ్చు. పసుపు రంగులో ‘హెచ్చరికతో పూర్తయింది’ అని వస్తుంది. చాలా డ్యాష్‌బోర్డులు పసుపును పచ్చతో కలిపి విజయాల్లోనే వేస్తాయి. పసుపు గడి మీద ఒకసారి నొక్కి చూడడానికి పట్టేది అర నిమిషం.

ఇవన్నీ అతి జాగ్రత్తలు అనిపిస్తే 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో జరిగింది వినండి. ప్రపంచమంతా ప్రోగ్రామర్లు తమ పనిని దాచుకునే చోటు అది. రాత్రి పూట మరమ్మతు చేస్తూ ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచేశాడు. కాపీ తీయడానికి, నకలు నడపడానికి వారి దగ్గర ఐదు పద్ధతులు ఉన్నాయి. ఒక్కటీ నమ్మదగిన స్థితిలో లేదు. రోజువారీ కాపీ తీసే ప్రోగ్రాం డేటాబేస్‌కు సరిపడని పాత వెర్షన్ కావడంతో చాలా రోజులుగా విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు పంపింది కానీ, వాటిని మెయిల్ వ్యవస్థ తిరస్కరించింది. చివరికి వేరే పని కోసం ఆరు గంటల ముందు ఎవరో చేత్తో తీసి పెట్టిన కాపీ దొరికి బతికిపోయారు. ఆ ఆరు గంటల పని పోయింది. ఈ సంగతులన్నీ వారే దాపరికం లేకుండా ప్రకటించారు. అంత పెద్ద సంస్థకే హెచ్చరిక చేరలేదంటే, మన ఆఫీసులో హెచ్చరిక మెయిల్ ఎవరికి వెళుతోంది? ఉద్యోగం మానేసిన క్లర్కు పాత చిరునామాకా? ఈ ఒక్క ప్రశ్న అడిగినా చాలు.

రెండో వైపు కూడా చూద్దాం. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగింది. రోగుల రిజిస్ట్రేషన్లు, రిపోర్టులు రెండు వారాల దాకా చేతిరాతతో నడిచాయి. అయినా దాడికి గురికాని ఒక బ్యాకప్ సర్వర్ నుంచి ఇ-హాస్పిటల్ డేటాను తిరిగి తెచ్చామని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. అందులో ముఖ్యమైన మాట ‘దాడికి గురికాని’. అంతకు ముందు 2017 మేలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఇలాంటివి నెట్‌వర్క్‌లో చేతికందిన ప్రతి డిస్కునూ తాళం వేసి డబ్బు అడుగుతాయి. కాపీ ఉన్న డిస్కు అదే కంప్యూటర్‌కు తగిలించి ఉంటే దానికీ అదే గతి. అందుకే మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట అనే సూత్రాన్ని అందరూ చెబుతారు. దాన్ని ప్రచారంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్. ‘ప్రొటెక్టెడ్ 21’ అనే గడి ఆ కాపీలు ఎన్ని చోట్ల ఉన్నాయో చెప్పదు.

అన్నిటికన్నా చివరి ప్రశ్న, తిరిగి తేవడం. కాపీ ఉండడం ఒకటి, ఆ కాపీ నుంచి దాతల రిజిస్టరును మరో కంప్యూటర్‌లో తెరిచి చూపించడం మరొకటి. రెండోదాన్ని లెక్కపెట్టే గడి చాలా డ్యాష్‌బోర్డుల మొదటి పేజీలో కనబడదు, ఎందుకంటే అది ఎవరైనా కూర్చుని చేయాల్సిన పని. చేసేటప్పుడు ఐటీ వారే చేసి, వారే బాగుందని సంతకం పెడితే కుదరదు. రోజూ రశీదులు రాసే ఉద్యోగి పక్కన కూర్చుని, రెండు రమజాన్‌ల కిందటి రశీదు ఒకటి తీయమని అడగాలి. పేరు, మొత్తం, జకాత్ పద్దు సరిగా ఉన్నాయో కాగితం ప్రతితో పోల్చాలి. ఎన్ని గంటలు పట్టిందో, చివరి ఎన్ని రోజుల పని కాపీలో లేదో రాసుకోవాలి.

మన చందాల్లో పెద్ద భాగం రమజాన్‌లోనే వస్తుంది. ఆ నెలలో సర్వర్ ఆగిపోతే రశీదు కోసం నిలబడ్డ దాతకు ఏం చెబుతాం? కనుక ఈ పరీక్షను ప్రతి ఏటా షాబాన్‌లో పెట్టాలని కమిటీ నిర్ణయించింది. వచ్చే నివేదికలో బ్యాకప్ పద్దు కింద ఒక్క అంకెకు బదులు కొన్ని అంకెలు వరుసగా అచ్చు వేస్తాం. ఆస్తుల రిజిస్టరులో ఎన్ని యంత్రాలు, వాటిలో కాపీ అవసరమని కమిటీ తేల్చినవి ఎన్ని, అవసరం లేదన్నవి ఏవి, ఎందుకు, గత వారంలో కాపీ అయినవి ఎన్ని, పరీక్షలో తెరిచి చూసినవి ఎన్ని. ఆ రోజు వచ్చి చూడదలచిన దాతలకు ఆఫీసు తలుపులు తెరిచే ఉంటాయి. తేదీని షాబాన్ మొదటి వారంలో నోటీసు బోర్డు మీద పెడతాం. ఐటీలో పనిచేసే మన సోదరులు, సోదరీమణులు ఇద్దరు ముగ్గురు ఆ సాయంత్రం వస్తే ఇంకా మంచిది. పచ్చ గడిని చూసి ఊరుకోని వారయితే మరీ మంచిది.